దినాలయ్యాక మొదలయ్యే దుఃఖం

జీవిత భాగస్వామి ఉన్నట్టుండి పోతే పదకొండు రోజులు ఊరంతా ఇంట్లోనే ఉంటుంది. పన్నెండో రోజు పొద్దున ఆ ఇంట్లో ఎవరుంటారు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఎడమచేతి వైపు నల్లమల కొండలు వెంటే వస్తాయి. కాలువ నీళ్లు పారే ఊళ్లు కాబట్టి వరి ఎక్కువ. కోతల కాలంలో కళ్లాలు చాలక రైతులు తారురోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకితే కుప్ప చేసి, పైన పట్ట కప్పి పోతారు. చీకట్లో ఆ కుప్ప దగ్గరకొచ్చేదాకా కనపడదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఈ దారిలో, గూబగుండం మిట్ట దగ్గర, అలాంటి వడ్ల కుప్పను తప్పించబోయి ఒక వాహనం బోల్తా పడింది. అందులో ఉన్నది ఆళ్లగడ్డ ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి. నంద్యాలలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున షర్మిల చేసిన ఎన్నికల ప్రచారంలో పాల్గొని ఇంటికి తిరిగొస్తున్నారు. నంద్యాల ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తరలించారు. మర్నాడు, 24న, ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లు. భర్త భూమా నాగిరెడ్డికి యాభై. ముగ్గురు పిల్లలు.

ఆ వార్త ఆ రోజు తెలుగునాట అందరికీ చేరింది. టీవీల ముందు కూర్చున్నవాళ్లు రాజకీయం మాట్లాడారు. ఆమె పార్టీ ఏమవుతుంది, ఆమె సీటు ఏమవుతుంది అని. నేను ఈ కథనంలో మాట్లాడదలచుకున్నది అది కాదు. పాతికేళ్లకు పైగా సాగిన కాపురంలో ఒకరు ఒక్క రాత్రిలో పోతే మిగిలినవారికి ఏం జరుగుతుంది, మనం వాళ్లకు ఏం చేస్తున్నాం, ఏం చేయడం లేదు అన్నది. భూమా దంపతుల జీవితం అందరికీ తెలిసినది కాబట్టి దాన్నే ముందు పెట్టుకుంటున్నాను. పేరు పత్రికకెక్కని ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ కెమెరాలు ఉండవు, అంతే తేడా.

ఇద్దరూ మోసిన బరువు

వాళ్ల కాపురం ఎలాంటిదో బయటివాళ్లకు తెలిసింది కొంతే. ఆ కొంతలోనే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పనిని ఇద్దరూ పంచుకున్నారు. 1996లో నంద్యాల లోక్‌సభకు భూమా పోటీ పడింది పి.వి. నరసింహారావుతో. ఓడిపోయారు. పి.వి. ఆ సీటును వదులుకుని ఒడిశాలోని బరంపురాన్ని ఉంచుకోవడంతో ఉపఎన్నిక వచ్చింది, భూమా గెలిచారు. 1998లో, 1999లో మళ్లీ గెలిచారు. ఆయన మొదటిసారి ఢిల్లీకి పోయినప్పుడు, అప్పటిదాకా ఆయన చేతిలో ఉన్న ఆళ్లగడ్డ అసెంబ్లీ సీటు ఖాళీ అయింది. ఆ ఉపఎన్నికలో శోభ నిలబడి గెలిచారు. ఆమె మాజీ మంత్రి ఎస్.వి. సుబ్బారెడ్డి కుమార్తె, రాజకీయం పుట్టింట్లోనే చూసి వచ్చిన మనిషి. తర్వాత 2004లో ఓడారు, 2009లో ప్రజారాజ్యం తరఫున, 2012 ఉపఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఆయన నంద్యాల చూసుకుంటే ఆమె ఆళ్లగడ్డ చూసుకున్నారు. 2014 ఎన్నికల్లోనూ అంతే: ఆయన నంద్యాల అసెంబ్లీకి, ఆమె ఆళ్లగడ్డకు.

నాయకుల ఇళ్లలోనే కాదు, ఏ ఇంట్లోనైనా కాపురం ఇరవై పాతికేళ్లు దాటితే పని ఇట్లా రెండుగా చీలిపోతుంది. జ్ఞాపకం కూడా చీలిపోతుంది. చీటీ డబ్బు ఎవరికి కట్టాలో ఆమెకు తెలుసు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. మేనకోడలి పెళ్లికి మనం ఏం పెట్టాం, వాళ్లు మనకేం పెట్టారు, బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా, గ్యాస్ బండ ఎప్పుడు చెప్పాం, పొలం గట్టు తగాదాలో పక్కాయన ఏమన్నాడు. సగం ఒకరి తలలో, సగం ఇంకొకరి తలలో. డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త 1980ల్లో దంపతుల జ్ఞాపకాన్ని ఇట్లా ఇద్దరూ కలిసి నడిపే ఒకే వ్యవస్థగా వివరించాడు. తానేం గుర్తుపెట్టుకోనక్కర్లేదో మనిషికి తెలుసు, అది పక్కవారి దగ్గర భద్రంగా ఉందని నమ్మకం. ఆ పక్కవారే పోతే మనిషితోపాటు తన సగం బుర్ర కూడా పోయినట్టు అవుతుంది. భర్త పోయిన ఆడవాళ్లు, భార్య పోయిన మగవాళ్లు మొదటి నెలల్లో తరచూ అనే మాట ‘నాకేం తోచడం లేదు’. వినేవాళ్లు దాన్ని బాధ అనుకుని ఊరుకుంటారు. అందులో బాధ ఉంది. దాంతోపాటు నిజంగా ఏమీ తోచకపోవడం కూడా ఉంది. ఏది ఎక్కడుందో, ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోయిన స్థితి అది.

జబ్బుపడి నెలల తరబడి మంచాన ఉండి పోయినవారి ఇంట్లో కూడా ఏడుపు తక్కువేం కాదు. కానీ ఆ నెలల్లో కాగితాలు ఎక్కడున్నాయో చెప్పుకుంటారు, అప్పుల లెక్క చెప్పుకుంటారు, క్షమించమని అడుగుతారు, పిల్ల పెళ్లి ఎట్లా చేయాలో మాట్లాడుకుంటారు. హఠాత్తుగా పోయినప్పుడు ఇవేవీ ఉండవు. పొద్దున గొడవపడి బయటికి పోయిన మనిషి సాయంత్రం శవమై వస్తే, ఆ పొద్దుటి మాటే చివరి మాట అయిపోతుంది. ఏళ్లు గడిచినా ఆ మాట వదలదు. ‘ఆ పూట పోనీయకుండా ఉంటే’, ‘రాత్రికి అక్కడే ఉండమని చెప్పుంటే’. ఈ ‘ఉంటే’లకు అంతు ఉండదు.

ఓటు వేసి ఏడ్చిన ఊరు

శోభ పోయిన పదమూడు రోజులకు, మే 7న, పోలింగు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం పోలింగు వాయిదా వేయాలి. అప్పటికి వైఎస్సార్ కాంగ్రెస్ నమోదైన పార్టీయే కానీ గుర్తింపు పొందినది కాదు. అందువల్ల ఆళ్లగడ్డలో వాయిదా పడలేదు. ఓటింగు యంత్రం మీద ఆమె పేరు అలాగే ఉంది. ఆమెకు పడే ఓట్లు చెల్లుతాయని, గెలిస్తే గెలిచినట్టే ప్రకటించి ఆ తర్వాత సీటు ఖాళీ అయినట్టు చూపిస్తామని ఎన్నికల సంఘం చెప్పింది. మే 16న లెక్క తేలింది. చనిపోయిన మనిషిని ఆళ్లగడ్డ పదిహేడు వేలకు పైగా మెజారిటీతో గెలిపించింది.

దీన్ని సానుభూతి పవనం అని రెండు మాటల్లో తేల్చేశారు. నాకు అది చాలదనిపిస్తుంది. ఊరికి దుఃఖం తీర్చుకోవడానికి ఒక పని కావాలి. శవం మోయడం ఒక పని, పాడె కట్టడం ఒక పని, వచ్చినవాళ్లకు మజ్జిగ ఇవ్వడం ఒక పని. ఆళ్లగడ్డలో బూత్‌కు పోయి ఆమె పేరు పక్కన బొత్తాం నొక్కడం కూడా అలాంటి పనే అయింది. వేల మందికి ఆ పని దొరికింది.

మరి భర్తకు? ఆయనా అభ్యర్థే. నంద్యాలలో ఆయన పోలింగూ ఆ రోజే. పెద్ద దినం అయ్యీ కాకుండానే ఓట్లు. ఆయన గెలిచారు. అసెంబ్లీలో ప్రజాపద్దుల సంఘం అధ్యక్షుడయ్యారు. ఆ ఏడాది చివర్లో ఆళ్లగడ్డ ఉపఎన్నికలో పెద్ద కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తల్లి పోయిన ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరూ శాసనసభ్యులు. 2016 ఫిబ్రవరిలో ఇద్దరూ తెలుగుదేశంలోకి వచ్చారు. ఆళ్లగడ్డలో శోభ అంత్యక్రియలు జరిగిన చోటు శోభా ఘాట్ అయింది.

2017 మార్చి 12, ఆదివారం పొద్దున, భూమా నాగిరెడ్డికి ఆళ్లగడ్డ ఇంట్లో గుండెపోటు వచ్చింది. అదే దారిలో నంద్యాలకు తీసుకుపోయారు. దక్కలేదు. యాభై మూడేళ్లు. మర్నాడు శోభా ఘాట్‌లోనే, భార్య పక్కనే అంత్యక్రియలు చేశారు. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

ఆయన గుండె ఎందుకు ఆగిందో వైద్యులు చెప్పాలి. మనం చెప్పకూడదు. రాజకీయాల్లో ఉన్న మనిషికి గుండెకు హాని చేసే కారణాలు ఎన్నో ఉంటాయి. ‘భార్య మీద బెంగతోనే పోయాడు’ అని ఊళ్లో అనుకున్నవాళ్లు ఉంటారు, అనుకోవడం సహజం. ఆ మాటను నేను నిజమని రాయలేను. కానీ ఆ మాట అంత తేలిగ్గా మన నోటికి ఎందుకు వస్తుందో చూడాలి. ప్రతి ఊళ్లోనూ అలాంటి జంట ఒకటైనా తెలిసి ఉంటుంది. ఆమె పోయిన ఆర్నెల్లకు ఆయన పోయాడని, ఆయన పోయిన ఏడాది తిరక్కుండానే ఆమె పోయిందని చెప్పుకుంటాం. ఇది కేవలం మన పల్లె నమ్మకం కాదు.

గుండె మీద పడే దెబ్బ

బ్రిటన్‌లో భార్యలు చనిపోయిన 4,486 మంది మగవాళ్లను, యాభై అయిదేళ్లు దాటినవాళ్లను, పరిశోధకులు ఏళ్లపాటు గమనించారు. 1969లో కోలిన్ ముర్రే పార్క్స్, ఆయన సహచరులు అచ్చువేసిన లెక్క ప్రకారం మొదటి ఆరు నెలల్లో 213 మంది చనిపోయారు. ఆ వయసు పెళ్లయిన మగవాళ్లలో సాధారణంగా ఉండే మరణాల కన్నా ఇది నలభై శాతం ఎక్కువ. ఎక్కువైన ఆ మరణాల్లో పెద్ద వాటా గుండె జబ్బులదే. ఆరు నెలల తర్వాత ఆ తేడా క్రమంగా తగ్గింది. శోభ చనిపోయిన ఏడాదే, 2014 ఫిబ్రవరిలో, మళ్లీ బ్రిటన్ నుంచే ఇంకో అధ్యయనం వచ్చింది. అరవై నుంచి ఎనభై తొమ్మిదేళ్ల మధ్య వయసున్న ముప్పై వేల మందికి పైగా భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లను చూస్తే, మొదటి ముప్పై రోజుల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కన్నా రెట్టింపు ఉంది. రెట్టింపు అంటే భయపడనక్కర్లేదు, వెయ్యి మందిలో ఒకరి లోపు నుంచి ఇద్దరి లోపుకు పెరిగింది. కానీ ఆ పెరిగిన ఒక్కరు మన ఇంట్లోవారైతే?

కారణాలు వెతికితే అన్నీ ఇంట్లో కనిపించేవే. నిద్ర ఉండదు. వేళకు తిండి ఉండదు. మాత్ర వేసుకోవాలని గుర్తుచేసే మనిషి పోయింది కాబట్టి మాత్రా ఉండదు. ఒంట్లో ఒత్తిడి పుట్టించే రసాయనాలు రోజుల తరబడి ఎక్కువగా ఉండి రక్తపోటును పెంచుతాయి. జపాన్ వైద్యులు 1990లో ఒక జబ్బును గుర్తించి రాశారు. పెద్ద దుఃఖం తగిలిన మనిషికి గుండెపోటు లాగే నొప్పి వస్తుంది, రక్తనాళాలు చూస్తే ఎక్కడా అడ్డు కనపడదు, గుండె ఎడమ గది మాత్రం కింద ఉబ్బి ఉంటుంది. ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో ఉందని దానికి జపాన్ భాషలో టకోట్సుబో అని పేరు పెట్టారు. ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లలో వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కానీ ఆసుపత్రికి చేరితేనే. భర్త దినాల్లో ఉన్న ఆడమనిషి ‘గుండెల్లో నొప్పి’ అంటే, ‘ఉండదా మరి’ అని వీపు నిమిరి కూర్చోబెట్టడం మనకు అలవాటు. వీపు నిమరండి. ఆ వెంటనే ఈసీజీ కూడా తీయించండి.

పదకొండు రోజుల దాకా

మన పద్ధతుల్లో మంచి చాలా ఉంది, దాన్ని ముందు ఒప్పుకోవాలి. చిన్న దినం, పెద్ద దినం అని లెక్కపెట్టుకుంటూ బంధువులు ఇంటిని వదలరు. పొయ్యి వెలిగించనివ్వరు, పక్కింటివాళ్లు అన్నం తెస్తారు. ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు, ఆ శోకంలో పోయిన మనిషి కథంతా చెప్పేస్తారు: ఎట్లా వచ్చింది, ఎంత కష్టపడింది, ఏం తినకుండా పోయింది. బయటి దేశాల్లో దుఃఖంలో ఉన్నవారిని మాట్లాడించడానికి డబ్బిచ్చి నిపుణుల దగ్గరకు పోతారు. మన దగ్గర చావింట్లో ఆ పని ఊరే చేస్తుంది. నంద్యాలలో ముస్లింలు ఎక్కువ. వాళ్ల ఇళ్లలో భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ అనే శోక గడువు నాలుగు నెలల పది రోజులు. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక పెడతారు, పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు, మందిరంలోవాళ్లు ఆ ఇంటికి వచ్చిపోతుంటారు. ఇద్దత్ గురించి, అందులో స్త్రీకి ఉండే కట్టుబాట్ల గురించి వాదాలు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ నాకు అందులో ఒకటి ఆలోచించదగ్గదిగా కనిపిస్తుంది. భర్త పోయిన మనిషికి కుదురుకోవడానికి నెలలు కావాలని అది లెక్కలోకి తీసుకుంది. మిగతావాళ్లం పదకొండు రోజుల్లో కంచాలు ఎత్తేస్తాం.

పన్నెండో రోజు ఇల్లు ఖాళీ అవుతుంది. టెంటువాడు కుర్చీలు తీసుకుపోతాడు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పిల్లలకు సెలవు అయిపోతుంది. ‘ధైర్యంగా ఉండు నాయనా’ అని కాళ్లకు మొక్కి కారెక్కుతారు. ఇంట్లో ఆయన ఒక్కడు. వంటింట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలియదు. మన మగవాళ్లలో అరవై దాటినవాళ్లకు అన్నం వండుకోవడం రాదు, అది గొప్పగా చెప్పుకున్న తరం అది. ఏడవడం కూడా రాదు. ‘మగోడివి, నువ్వే ఇట్లయితే పిల్లోళ్లు ఏం గావాల?’ అని చావు రోజునే నోరు నొక్కేస్తారు. అప్పటి నుంచి ఆయన ఏడుపు ఏ రూపంలో బయటికి వస్తుందో చూడండి. కొందరికి తాగుడుగా, కొందరికి కోపంగా, ఇంకొందరికి పొలానికి పోయి చీకటి పడ్డాక కూడా రాకపోవడంగా. చాలామందికి పనిగా. పనిలో మునిగిపోతే జనం మెచ్చుకుంటారు, ‘బాగా తట్టుకున్నాడు’ అంటారు.

పని చేయడం తప్పు కాదు. మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పింది నాకు నచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి ఒక పూట పోయినవారి వైపు, ఒక పూట బతుకు వైపు ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం అన్నారు. ఎప్పుడూ ఏడవడమూ మంచిది కాదు, ఎప్పుడూ పనిలో ఉండడమూ మంచిది కాదు. మనం మగవాడికి రెండో పూటను మాత్రమే ఇస్తున్నాం. ఎన్నికల వేడిలో, పార్టీ మారే రోజుల్లో, అసెంబ్లీలో, కార్యకర్తల మధ్యలో భార్యను తలచుకుని కూర్చోవడానికి ఒక నాయకుడికి ఎన్ని పూటలు దొరికి ఉంటాయో నేను చెప్పలేను. ఆయన్ను ఆ తీరిక తీసుకోమన్నవాళ్లు తక్కువే అయి ఉంటారని మాత్రం మన సమాజాన్ని చూస్తే అర్థమవుతుంది.

ఆడవాళ్ల సంగతి వేరు, ఇంకా ఘోరం. 2011 జనగణనలో దేశంలో భర్త పోయిన స్త్రీలు నాలుగు కోట్లకు పైగా తేలారు. భార్య పోయిన మగవాళ్లు అందులో మూడో వంతు కూడా లేరు. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకడం, భర్త కన్నా వయసులో చిన్నవాళ్లు కావడం ఒక కారణం. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఇంకో కారణం. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఊళ్లో భార్య పోయినవాడికి దినాలు కాకముందే సంబంధం మాట చెవిన వేసేవాళ్లు ఉంటారు, నలభై ఏళ్ల స్త్రీకి ఆ మాట ఎత్తేవాళ్లు ఉండరు. ఆమెకు ఇచ్చేది వేరే. కుప్పకూలిపోయి ఉన్న మనిషిని కూర్చోబెట్టి, పసుపు కుంకుమలు నిండుగా పెట్టి, పూలు పెట్టి, అందరూ చూస్తుండగా గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపేస్తారు. ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లే చేస్తారు, ‘పద్ధతి’ అని. గుండె మీద అంత దెబ్బ తగిలి ఉన్న మనిషికి ఇంకో దెబ్బ. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరు 2022 మే 4న గ్రామసభలో తీర్మానం చేసింది: మా ఊళ్లో భర్త పోయిన స్త్రీకి గాజులు తీయడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం ఇకమీదట లేదు అని. చూసి మరికొన్ని ఊళ్లు అదే దారి పట్టాయి. ఇది చట్టంతోనూ, డబ్బుతోనూ పని లేని మార్పు. ఒక పూట గ్రామసభ చాలు.

కాగితాలు, వంట, రాత్రులు

దినాలయ్యాక మొదలయ్యే ఇంకో కష్టం కాగితాలది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయాలి, ఆలస్యమైతే తిరగాల్సి వస్తుంది. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకులో నామినీ పేరు, బీమా, పొలం పాసు పుస్తకం, రేషన్ కార్డులో పేరు తీయించడం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి, పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు నాలుగు వేల రూపాయల పింఛను మార్చే పద్ధతి వచ్చింది. మంచి పని. అయితే దాని కోసం సచివాలయానికి పోయి చెప్పాల్సింది ఆమే. ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడని మనిషికి పూరించమని ఫారం ఇస్తాం. బంధువుల్లో చదువుకున్నవాళ్లు ఒకరు ‘ఈ కాగితాల పని నాది’ అని తల మీద వేసుకుంటే, అది పెద్ద దినం నాడు పెట్టే వెయ్యి విస్తళ్ల కన్నా ఎక్కువ పుణ్యం.

దుఃఖానికి అయిదు మెట్లున్నాయని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ముందు నమ్మకపోవడం, తర్వాత కోపం, అట్లా చివరికి ఒప్పుకోవడం. ఈ మెట్లు చెబుతూ ఎలిసబెత్ కూబ్లర్ రాస్ 1969లో రాసిన పుస్తకం చావు దగ్గర పడ్డ రోగుల గురించినది, మిగిలిపోయినవాళ్ల గురించి కాదు. ‘నువ్వింకా కోపం మెట్టు మీదే ఉన్నావు’ అని ఎవరినీ కొలవకండి. ఏడాది తిరిగినా మొదటి రోజులాగే ఉండి, రోజువారీ పని కూడా చేసుకోలేకపోతే మాత్రం అది వైద్యుడికి చూపించాల్సినదే. 2022లో అమెరికా మానసిక వైద్యుల జాబితాలో దీర్ఘకాల శోకం ఒక జబ్బుగా చేరింది, పెద్దవాళ్లకు ఏడాది గడువు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు అంటుంది. ఏడుపు జబ్బు కాదు. ఏడుపు తప్ప ఇంకేమీ మిగలకపోవడం జబ్బు.

మగవాడి దుఃఖానికి మన సాహిత్యంలో చోటు ఉంది. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయాక వరలక్ష్మీ త్రిశతి రాశారు. జ్ఞానపీఠ గ్రహీత రావూరి భరద్వాజ భార్య కాంతం పోయాక ‘నాలోని నీవు’తో మొదలుపెట్టి ఒకటి తర్వాత ఒకటిగా పుస్తకాలు రాస్తూనే పోయారు. ఆయన పెద్దగా చదువుకోలేదు, కూలి పనులు చేసిన మనిషి. పోయిన భార్యతో కాగితం మీద మాట్లాడుకోవడం సిగ్గుపడాల్సిన పని అనుకోలేదు. రాయగలిగినవాళ్లకు ఆ దారి దొరికింది. రాయలేనివాళ్లకు వినేవాళ్లు కావాలి.

ఆళ్లగడ్డ శిల్పులకు దేశమంతా పేరు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఊరు అది. ఇప్పుడు మన ఊళ్లలో తల్లిదండ్రుల విగ్రహాలు పొలాల్లో, తోటల్లో కట్టించుకోవడం పెరిగింది. కొందరు దండగ అంటారు. నేను అనను. మనిషికి తలచుకోవడానికి ఒక చోటు కావాలి, అక్కడికి పోయి పది నిమిషాలు కూర్చుంటే ఎవరూ ‘ఇంకా ఎన్నాళ్లు’ అని అడగకూడదు. కాకపోతే విగ్రహానికి పెట్టిన ఖర్చులో, తిరిగిన తిరుగుడులో కొంత ఇంట్లో బతికి మిగిలిన మనిషికి కూడా పెట్టాలి.

కాబట్టి నా మాట ఇది. మీ చుట్టాల్లో, మీ వీధిలో ఈ ఏడాదిలో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. వారి దినాలకు మీరు పోయే ఉంటారు. ఇప్పుడు మళ్లీ పోండి. మూడో నెలలో పోండి, పండుగ ముందు పోండి, పెళ్లిరోజు గుర్తుంటే ఆ రోజు పోండి. పోయిన మనిషి పేరు ఎత్తితే బాధపడతారని మాట మార్చకండి, వాళ్లు ఎదురుచూస్తున్నది ఆ పేరు కోసమే. ‘ఏమన్నా కావాలంటే చెప్పు’ అంటే ఎవరూ చెప్పరు. ‘రేపు మధ్యాహ్నం అన్నం మా ఇంట్లో’ అనండి. బీపీ, షుగరు చూపించడానికి మీరే తోడు పోండి, మొదటి ఆరు నెలలు మరీ. తాతకు అన్నం వండడం నేర్పండి, అవ్వకు ఏటీఎం వాడడం నేర్పండి. ఆమె బొట్టు పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, శుభకార్యానికి ముందు వరసలో కూర్చోబెట్టండి. నంద్యాల జిల్లా పంచాయతీలు హేర్వాడ్ చేసిన తీర్మానం లాంటిది వచ్చే గ్రామసభలో పెట్టాలి. వరి కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు పోయాల్సిన గతి లేకుండా ఊరూరా కళ్లాలు కట్టించమని అదే సభలో అడగాలి.

రాత్రిపూట ఒంటరిగా ఉండి ‘ఇంకెందుకు బతకాల’ అనిపించేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళనైనా ఎత్తుతారు, డబ్బు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.